ఇంజను మారిస్తే వింటేజ్ గుర్తింపు హుళక్కే

సంపాదకుడు గారికి,

ఊళ్లలో రేకుల షెడ్ల కింద, రైసు మిల్లుల వెనక ఏళ్ల తరబడి పడి ఉన్న అంబాసిడర్లను, ప్రీమియర్ పద్మినీలను కొని బాగుచేయించుకునే కుర్రాళ్లు నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో కనిపిస్తున్నారు. సంతోషమే. కానీ కారు షెడ్డుకు చేరగానే చాలామంది చేయించే మొదటి పని పాత ఇంజను ఊడదీసి, ఏదో ఒక కొత్తకారు డీజిల్ ఇంజను బిగించడం. మైలేజీ వస్తుంది, ఏసీ పనిచేస్తుంది. ఆ కారుకు ముందు ముందు రావాల్సిన వింటేజ్ గుర్తింపు మాత్రం ఆ రోజే పోతుంది. ఈ మాట రవాణా శాఖా గట్టిగా చెప్పడం లేదు, మెకానిక్కులూ చెప్పడం లేదు.

2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం తొలి రిజిస్ట్రేషన్ తేదీ నుంచి 50 ఏళ్లు దాటిన కార్లు, బైకులే వింటేజ్ వాహనాలు. ఛాసిస్, బాడీ, ఇంజనులో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. రిజిస్ట్రేషన్‌కు రూ.20 వేలు, పదేళ్ల తరవాత మళ్లీ చేయించుకోవాలంటే రూ.5 వేలు. నంబరులో రాష్ట్రం కోడ్ పక్కన 'వీఏ' అక్షరాలు వస్తాయి. ప్రదర్శనకు, ర్యాలీకి, పెట్రోలుకు, మరమ్మతుకు తప్ప రోజువారీగా రోడ్డెక్కించకూడదు. అంటే 1978లో రిజిస్టరైన అంబాసిడర్‌కు 2028లో ఈ యోగ్యత వస్తుంది. మరో రెండేళ్లు ఓపిక పట్టాల్సిన బండికి ఇవాళ డీజిల్ ఇంజను పెట్టడం ఏం తెలివి? పైగా ఇంజను, ఇంధనం మార్చాలంటే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద అధికారి అనుమతి కావాలి. అది లేకపోతే ఆర్‌సీలో పెట్రోలు, బానెట్ కింద డీజిలు. ప్రమాదం జరిగిన రోజు బీమా కంపెనీ ముందుగా పట్టుకునేది దాన్నే.

నిజానికి అంబాసిడర్ 1489 సీసీ పెట్రోలు ఇంజను అంత తేలిగ్గా చచ్చేది కాదు. పొగ వస్తోందని పక్కన పడేసే ముందు సిలిండర్లలో ఒత్తిడి ఎంతుందో చూసే కంప్రెషన్ పరీక్ష చేయించాలి. ఇంజను వేడెక్కాక నాలుగు ప్లగ్గులూ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి, ఒక్కో సిలిండర్‌కు గేజి పెట్టి, స్టార్టరు తిప్పి చూడాలి. వాటి మధ్య తేడా పది శాతం లోపల ఉంటే బెంగలేదు. ఒక సిలిండరు బాగా తగ్గితే ప్లగ్గు రంధ్రంలో చెంచాడు ఇంజనాయిలు పోసి మళ్లీ చూడాలి. అప్పుడు పెరిగితే రింగులు అరిగినట్టు, పెరగకపోతే వాల్వులు సరిగా మూసుకోవడం లేదన్నట్టు. వాల్వుల పని అయితే హెడ్డు ఒక్కటి విప్పితే సరిపోతుంది. రింగులు, పిస్టన్లు, బేరింగులు చెన్నై పుదుపేటలో వెతికితే దొరుకుతాయి. వాల్వు సీట్లను అరగకుండా కాపాడే సీసం కలిపిన పెట్రోలు 2000లో ఆగిపోయింది కాబట్టి, హెడ్డు విప్పినప్పుడే గట్టి లోహపు వాల్వు సీట్లు వేయించుకుంటే మళ్లీ మళ్లీ అరగవు.

కొనేటప్పుడు చూడాల్సింది పెయింటు కాదు, కాగితాలు. ఆర్‌సీలో ఉన్న ఛాసిస్ నంబరును బానెట్ కింద ప్లేటుతో పోల్చాలి. పెన్సిల్‌తో దాని అచ్చు తీసుకుంటే ఇంకా మంచిది. పాత ఆర్‌సీ పుస్తకంలో ఎప్పటిదో ఫైనాన్సు కంపెనీ పేరు ఉండిపోతుంది. అప్పు తీరినా ఫారం 35తో దాన్ని కొట్టేయించకపోతే పేరు మారదు, ఇప్పుడా కంపెనీయే లేకపోతే తలనొప్పి మొదలైనట్టే. మామూలు అమ్మకానికి 29, 30 ఫారాలు కావాలి. యజమాని చనిపోయి ఉంటే వారసుడు ముందు ఫారం 31తో తన పేరుకు మార్పించుకోవాలి, ఆ తరవాతే అమ్మకం. "నాన్న సంతకం మా దగ్గరే ఉంది" అని ఎవరైనా అంటే బయానా ఇవ్వకండి.

ఇక రేకు. మన తీరంలో ఉప్పుగాలి, నవంబరు, డిసెంబరు వానలు పైన కనిపించని చోట్లను తినేస్తాయి. గుడ్డ చుట్టిన అయస్కాంతం తలుపుల అడుగున, చక్రాల పైన, డోర్ల కింది పట్టీల మీద జరిపి చూస్తే అతుక్కోని చోట లప్పం ఉన్నట్టు. మ్యాట్లు ఎత్తి, డిక్కీలో స్టెప్నీ తీసి దాని కింద స్క్రూడ్రైవరుతో పొడిచి చూడాలి. వెనక కమాన్ పట్టీలను బాడీకి పట్టి ఉంచే బ్రాకెట్ల దగ్గర రేకు పొరలు పొరలుగా లేస్తుంటే ఆ బండి వద్దు. మిగతా తుప్పంతా టింకరింగ్‌తో పోతుంది, అక్కడిది పోదు. 2021 నవంబరులో పెన్నా వరదల్లో మునిగిన బండి అని అనుమానం వస్తే గేరు బాక్సు, వెనక యాక్సిల్ ఆయిలు ఒక గరిటెడు కిందకు వదిలి చూడండి. కాఫీ రంగులో ఉంటే నీళ్లు చేరినట్టే.

ఇప్పుడు ఎక్కువమంది దెబ్బతింటున్నది పెట్రోలుతో. బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. పాత రబ్బరు పైపులు, పెట్రోలు పంపులోని పల్చటి పొర (డయాఫ్రం) దానికి తయారైనవి కావు. మెత్తబడి, ఉబ్బి, చివరకు చెమరుస్తాయి. అంబాసిడర్‌లో కార్బొరేటర్ సరిగ్గా సైలెన్సరు మానిఫోల్డు పైన ఉంటుంది. పైపు నుంచి కారే చుక్క పడేది ఆ వేడి ఇనుము మీదే. అందుకే ఇథనాల్‌కు తట్టుకునే ఫ్లోరో రబ్బరు పైపు వేయించి, కొత్త క్లిప్పులు బిగించి, సీటు కింద కిలో మంటలార్పే సిలిండరు పెట్టుకోవాలి. ఇథనాల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. సగం ట్యాంకుతో నెలల తరబడి నిలిపితే నీళ్లు విడిపోయి అడుగున చేరి తుప్పు పట్టిస్తాయి. నెలకు మించి నిలపాల్సి వస్తే ట్యాంకు నిండా పోయించాలి, లేదా పూర్తిగా ఖాళీ చేయాలి. రోహిణి కార్తెలో పైపులో పెట్రోలు ఆవిరై ట్రాఫిక్‌లో ఇంజను ఆగిపోతుంటే పైపు మీద తడిగుడ్డ వేసి కాసేపు ఆగితే చాలు, కార్బొరేటర్ విప్పించనక్కర్లేదు.

కనిగిరి, పామూరు వైపు వాళ్లకు మరో మాట. బోరు నీళ్లు రేడియేటర్లో పోయకండి. ఉప్పు గారకట్టి నాళాలు మూసుకుపోతాయి, బండి వేడెక్కుతుంది. బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటరులో కూలెంటు కలిపి వాడాలి. బ్రేకు ఆయిలు రెండేళ్లకోసారి మార్చాలి, బండి నడవకపోయినా సరే.

ఇక ప్రభుత్వం సంగతి. 20 ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు 2025 ఆగస్టు నుంచి రూ.10 వేలు. ఐదేళ్లకు కాబట్టి ఏడాదికి రెండు వేలు, ఒక టైరు ధర కంటే తక్కువ. ఫీజు మీద గొడవ లేదు. గొడవంతా రవాణా కార్యాలయం ఎక్కే మెట్లు, దిగే మెట్లతోనే. పాత ఆర్‌సీ పుస్తకం వివరాలు కంప్యూటర్లో లేక, ఎవరు ఎక్కించాలో తేలక రెన్యువల్ ఆగిపోతోంది. ఆలస్యమైనందుకు మళ్లీ అపరాధ రుసుము. ఇలా విసిగిపోయే కదా మంచి బండ్లు తుక్కుకు పోతున్నది!

నెల్లూరు, ఒంగోలు రవాణా కార్యాలయాల్లో నెలలో ఒక రోజు పాత వాహనాలకే కేటాయించి, పుస్తకం వివరాలను అక్కడికక్కడే ఎక్కించే ఏర్పాటు చేయాలి. ఇంజను మార్పుకు 52వ సెక్షన్ కింద అనుమతి అవసరమని, మారిస్తే వింటేజ్ అర్హత పోతుందని కార్యాలయం గోడ మీద తెలుగులో రాయించాలి. అంతర్జాతీయ పాత వాహనాల సమాఖ్య 'ఫివా' 30 ఏళ్లు దాటిన బండినే చారిత్రక వాహనంగా గుర్తిస్తుంది. మన దగ్గర 30 నుంచి 50 ఏళ్ల మధ్య బండికి ఏ గుర్తింపూ లేదు. ఆ వయసు బండ్లకు ఒక తరగతి పెట్టమని రాష్ట్రం కేంద్రానికి రాయాలి. పొగ పరీక్ష కేంద్రాల్లోనూ 2000 మార్చి 31 వరకు తయారైన పెట్రోలు కార్లకు బండి కదలకుండా ఇంజను నడుస్తున్నప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పరిమితి 3 శాతమన్న సంగతి తెలిసేలా బోర్డు పెట్టించాలి. చాలాచోట్ల కొత్త బండ్ల లెక్క చూపించి వెనక్కి పంపుతున్నారు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
వేదాయపాళెం, నెల్లూరు