వేలు పెట్టకముందే కనిపించాల్సినవి

విజయవాడ,
ఆదివారం రాత్రి.

చిరంజీవి సుధకు, నాన్న ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ మేమిద్దరం క్షేమం. కృష్ణా, గోదావరి నీటిమట్టాలను గ్రాఫులుగా చూపించే నీ సైటు నమూనాను మూడు రోజులుగా చూస్తున్నాను. మొదటిరోజు కూతురు చేసిందన్న మురిపెంతో చూశాను కాబట్టి ఏ లోపమూ కనబడలేదు. రెండోరోజు కళ్లజోడు తుడుచుకుని, కంప్యూటరు ముందు కూర్చుని చూశాను. మూడోరోజు మీ అమ్మ ఫోనులో, డాబా మీద ఎండలో చూశాను. ఇదంతా మాటల్లో చెబితే "సరే నాన్నా, సరే" అంటావు కానీ రాసుకోవు. అందుకే ఈ ఉత్తరం.

అన్నిటికంటే ముందు, శ్రీశైలానికి నువ్వు పెట్టిన ఆ గుండ్రటి డయల్ తీసేయి. చూడటానికి ముచ్చటగా ఉంది, ముల్లు ఊగుతూ వచ్చి ఆగుతుంది, కానీ అబద్ధం చెబుతోంది. నమూనాలో నువ్వు 854 అడుగులు ఇచ్చి, పూర్తి మట్టమైన 885తో భాగించి, 96 శాతం అని చూపించావు. ఆ ముల్లును చూసిన రైతు డ్యాము నిండిపోయిందనుకుంటాడు. నిజానికి 854 అడుగుల దగ్గర శ్రీశైలంలో ఉండేది సుమారు 90 టీఎంసీలు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు), నిండితే 215.81. అంటే సగం కూడా లేదు. జలాశయం డ్రమ్ములాంటిది కాదు తల్లీ, మూకుడులాంటిది. అడుగున ఇరుకుగా ఉండి పైకి వెళ్లేకొద్దీ విచ్చుకుంటుంది కాబట్టి, పైనున్న ఒక్క అడుగులో పట్టే నీరు కింద ఎన్నో అడుగులలో పట్టే నీటికి సమానం. అందుకే మా ఆఫీసులో మట్టం పక్కనే నిల్వ రాయకుండా ఏ కాగితమూ బయటికి వెళ్లేది కాదు. నీ గ్రాఫులో మట్టాన్ని అడుగుల్లోనూ, నిల్వను టీఎంసీల్లోనూ రెండు వేర్వేరు గీతలుగా చూపించు. శాతం చెప్పాలనుకుంటే నిల్వ మీదే చెప్పు.

నిల్వ పట్టికలు కూడా శాశ్వతం కావు. కట్టిన కొత్తలో శ్రీశైలం నిల్వ సామర్థ్యం 308 టీఎంసీలు, నాగార్జునసాగర్‌ది 408. పూడిక చేరి శ్రీశైలం 215.81కి, సాగర్ 312.05కి తగ్గాయి. పాత సంవత్సరాల మట్టాలను ఇవాళ్టి పట్టికతో నిల్వలోకి మారిస్తే ఆనాటి నీరు తక్కువగా కనిపిస్తుంది. కాబట్టి ఏ సంవత్సరపు పట్టిక వాడావో గ్రాఫు కిందనే చిన్న అక్షరాలలో రాయి.

డయల్ మీద నాకు ఇంకో కోపం కూడా ఉంది. క్లీవ్‌లాండ్, మెక్‌గిల్ అనే ఇద్దరు గణాంకవేత్తలు మన కన్ను దేన్ని సరిగా కొలుస్తుందో, దేని దగ్గర తడబడుతుందో పరీక్షించి 1984లో ఒక వ్యాసం రాశారు. ఒకే కొలబద్ద మీద ఉన్న చుక్కల స్థానాన్ని మనం బాగా పోల్చగలమని, కోణాల దగ్గరికి వచ్చేసరికి తడబడతామని వాళ్లు తేల్చారు. అలా స్థానాన్ని పోల్చనిచ్చే గీతల గ్రాఫులను, బార్ గ్రాఫులను 1786లో అచ్చువేసిన విలియం ప్లేఫేర్, ఆవిరియంత్రాల జేమ్స్ వాట్ దగ్గర డ్రాఫ్ట్స్‌మన్‌గా, అంటే కొలతలతో నక్షాలు గీసేవాడిగా, పనిచేసినవాడే. డ్రాఫ్ట్స్‌మన్ల మీద నాకున్న పక్షపాతం నీకు తెలిసిందే.

ఇక రెండోది నా సొంత తప్పు నుంచి చెబుతున్నాను. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, వానాకాలంలో ఒక గేజి స్టేషన్ (నది మట్టం కొలిచే చోటు) నుంచి గంటగంటకూ రీడింగు రావాలి. ఒక రాత్రి లైను పోయి మూడు గంటలు ఏమీ రాలేదు. తెల్లవారాక గ్రాఫు కాగితం మీద అర్ధరాత్రి చుక్కనూ, నాలుగు గంటల చుక్కనూ స్కేలు పెట్టి కలిపేశాను. గీత నున్నగా, చూడచక్కగా వచ్చింది. మా ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు గారు ఆ కాగితాన్ని టేబిల్ దీపం కిందికి తీసుకుని, వేలితో ఆ మూడు గంటల దగ్గర ఆగి, "ఈ మూడు గంటలూ నువ్వు నది ఒడ్డునే ఉన్నావా?" అని అడిగారు. లేదన్నాను. "మరి నదిని ఎవరు చూశారు?" అన్నారు. అంతే, ఇంకొక మాట అనలేదు. తరవాత గేజి రీడర్ పుస్తకం వచ్చింది. ఆ మూడు గంటల మధ్యలో నది ఒక అడుగున్నర పెరిగి మళ్లీ తగ్గింది. నా గీతలో ఆ సంగతే లేదు.

నీ సైటులోనూ అదే జరుగుతోంది. రీడింగు రాని చోట కొన్ని గ్రాఫులలో గీత కలిసిపోతోంది, కొన్నిటిలో సున్నాకు పడిపోతోంది. సున్నాకు పడటం మరీ ప్రమాదం, డ్యాము ఎండిపోయినట్టు కనిపిస్తుంది. విలువ లేనప్పుడు ఖాళీ అని పంపితే గీత తనంతట తానే తెగుతుందని, ఆ ఖాళీని కలిపేయమని మనం అడిగితేనే కలుపుతుందని గ్రాఫులు గీయడానికి నువ్వు వాడుతున్న చార్ట్.జేఎస్ ప్రోగ్రాము పత్రాలలో నేనే చదివాను. తెగనివ్వు. అక్కడ వేలు పెడితే "రీడింగు అందలేదు" అని రావాలి.

పేజీ మొరాయిస్తోందని, అందుకని గంటగంట రీడింగులను రోజు సగటుగా మార్చానని రాశావు. నీ ఇబ్బంది అర్థమైంది. ఏడాదికి 8,760 రీడింగులు, పదేళ్లకు 87,600. అన్ని చుక్కలనూ ఒకేసారి గీయమంటే ఫోను నీరసించిపోతుంది. కానీ సగటు తీయడం మాత్రం వరద విషయంలో పనికిరాదు. వరదలో మనుషులు భయపడేది సగటుకు కాదు, శిఖరానికి. అర్ధరాత్రి రెండు గంటలపాటు వచ్చిన ఉధృతి రోజు సగటులో కరిగిపోతుంది. చుక్కలు తగ్గించాలంటే ప్రతి రోజుకూ అత్యధికం, అత్యల్పం రెండూ ఉంచుకుని మిగతావి తీసేయి. చదివేవాడు ఆ రోజుల్లోకి దగ్గరగా వెళితే అప్పుడు గంటల లెక్క తెప్పించు.

శిఖరం అంటే గుర్తొచ్చింది. శ్రీశైలం గ్రాఫు పై అంచును 885 దగ్గర ఆపేశావు. 2009 అక్టోబరులో 25 లక్షల క్యూసెక్కులకు (క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు) పైగా వరద వచ్చి, మట్టం 896 అడుగులు దాటింది. పూర్తి మట్టాన్నీ దాటి నీరు నిలిచిన ఆ రోజులు నీ గ్రాఫులో పైకప్పుకు తగిలి చదునుగా అయిపోయాయి. అంచు ఎత్తు, 885 దగ్గర ఒక గీత గీసి "పూర్తి మట్టం" అని రాయి. ఆ గీతను దాటడమే కదా అసలు కథ.

ఇప్పుడు ఫోను సంగతికి వస్తాను. నీ కంప్యూటరులో మౌస్ బాణం గీత మీదికి తీసుకెళితే చాలు, అంకె పెట్టె తెరుచుకుంటుంది. ఫోనులో బాణం ఎక్కడిది? మీ అమ్మ గీత మీద వేలు పెట్టింది, అంకె వచ్చింది, వచ్చిన అంకె ఆమె వేలి కిందే ఉండిపోయింది. వేలు తీస్తే అంకె పోయింది. పేజీ కిందికి జరుపుదామని చూస్తే గ్రాఫు పెద్దదైందే తప్ప పేజీ కదలలేదు. "ఇది నన్ను వదలడం లేదు" అని ఫోను నా చేతిలో పెట్టింది. కాబట్టి అంకెల పెట్టెను వేలి దగ్గర కాకుండా గ్రాఫు పైన ఒక స్థిరమైన చోట చూపించు. వేలు తీసినా అది అక్కడే ఉండాలి. ఒక వేలితో జరిపితే పేజీ కదలాలి, రెండు వేళ్లతో విప్పితేనే గ్రాఫు పెద్దదవ్వాలి.

ఇంతకంటే పెద్ద మాట ఒకటుంది. ఏది తాకితే కనబడాలి, ఏది తాకకుండానే కనబడాలి అన్నది నువ్వు ఇంకా తేల్చుకోలేదు. భద్రాచలం గ్రాఫులో 43 అడుగుల మొదటి హెచ్చరిక, 48 రెండోది, 53 మూడోది, ఈ మూడూ గీతను తాకితే తప్ప కనబడటం లేదు. వానలో, కరెంటు లేని ఇంట్లో, పది శాతం బ్యాటరీతో చూసే మనిషి ఎక్కడ తాకాలో వెతుక్కుంటూ కూర్చోడు. ప్రస్తుత మట్టం, పెరుగుతోందా తగ్గుతోందా, ఏ హెచ్చరిక దాటింది, రీడింగు ఎన్నింటిది, ఈ నాలుగూ మామూలు అక్షరాలలో గ్రాఫు కంటే ముందు రావాలి. సిగ్నలు సరిగా లేక గ్రాఫు గీసే ప్రోగ్రాము దిగకపోయినా ఇవి నిలవాలి. కళ్లు కనబడనివారి ఫోను చదివి వినిపించేదీ ఈ అక్షరాలనే. 1986లో అక్కడ 75.6 అడుగులు వచ్చిందని, 2022 జులైలో 71.3 వచ్చిందని చెప్పడం మాత్రం తాకిన తరవాత వచ్చే మాట. మొదటి ప్రశ్నకు జవాబు చూడగానే దొరకాలి, వేలు పెట్టేది రెండో ప్రశ్నకు.

ఆ రెండో ప్రశ్న దగ్గర మాత్రం నువ్వు చేస్తున్న పనిని చూసి నాకు అసూయ కలిగిన మాట నిజం. మా రోజుల్లో పైనున్న డ్యాము నుంచి వదిలిన వరద కిందికి ఎన్ని గంటలకు చేరుతుందో చూడాలంటే, ఒక్కో స్టేషను గ్రాఫును ట్రేసింగ్ కాగితం మీద దించి, రెండు కాగితాలను ఒకదాని మీద ఒకటి పెట్టి, కిటికీ అద్దానికి ఆనించి, పై కాగితాన్ని మెల్లగా పక్కకు జరిపేవాళ్లం. రెండు శిఖరాలూ ఒకదాని వెనక ఒకటి చేరినప్పుడు కాగితం ఎంత జరిగిందో స్కేలుతో కొలిస్తే అదే ప్రయాణకాలం. మబ్బు పట్టిన రోజున అద్దంలో వెలుతురు చాలక, టేబిల్ మీది అద్దం కింద బల్బు పెట్టుకునేవాళ్లం. నీకు ఆ పని ఎంత తేలిక! శ్రీశైలం, సాగర్, పులిచింతల, ప్రకాశం బ్యారేజీ గ్రాఫులను ఒకే కాలరేఖ మీద ఒకదాని కింద ఒకటి పేర్చి, ఒకదానిలో వేలు పెట్టగానే మిగతా మూడింటిలోనూ అదే గంట దగ్గర నిలువు గీత పడేలా చెయ్యి. వేలు కుడివైపు జరుపుతుంటే శిఖరం ఒక్కొక్క గ్రాఫూ దిగుతూ నదిలాగే కిందికి వస్తుంది. అక్కడే ఇన్‌ఫ్లో (లోపలికి వచ్చే నీరు) పక్కన, లక్ష క్యూసెక్కులు రోజంతా వస్తే 8.64 టీఎంసీలన్న లెక్కతో, "ఇదే జోరు కొనసాగితే రోజుకు ఇన్ని టీఎంసీలు" అని కూడా చూపించు. మిగతా హంగులన్నీ మానేసినా ఇది మాత్రం మానకు.

ఇంకా కొన్ని చిన్నవి. ఉదయం 8 గంటల రీడింగు నీ గ్రాఫులో మధ్యాహ్నం ఒకటిన్నరకు పడుతోంది. మన సమయాన్ని గ్రీనిచ్ సమయమనుకుని దానికి మరో అయిదున్నర గంటలు కలుపుతోందన్నమాట. అంకెలు 1,143,000 అని వస్తున్నాయి, మనవాళ్లకు 11,43,000 అని ఉంటేనే లక్షలు కంటికి ఆనుతాయి. ఇన్‌ఫ్లోకు ఆకుపచ్చ, ఔట్‌ఫ్లోకు (బయటికి పోయే నీటికి) ఎరుపు పెట్టావు. మీ బాబాయికి ఆ రెండూ ఒకటేనని మరిచిపోయావా? నీలం, నారింజ పెట్టి, గీత చివరనే దాని పేరు రాయి. స్థలం చాలక "నాగార్జునసాగర్" పేరును కత్తిరించినప్పుడు "ర్జు" మధ్యలో విరిగి పొల్లు ఒంటరిగా మిగిలింది. తెలుగును కోడ్ పాయింట్ల (కంప్యూటరు విడివిడిగా దాచుకునే గుర్తుల) లెక్కన కోయకూడదు, అక్షరం లెక్కన కోయాలి. వత్తులు కింది వరసకు తగులుతున్నాయి, వరసల మధ్య ఎడం పెంచు.

చివరగా ఒక హెచ్చరిక. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు నమోదైనప్పుడు ఊరంతా ఆ అంకె వైపే చూసింది. కానీ మన ఊళ్లో సింగ్‌నగర్‌ను ముంచింది కృష్ణ కాదు, బుడమేరు వాగు. నీ సైటులో కృష్ణ ఉంది, బుడమేరు లేదు. గ్రాఫులో గీత కింద ఉంది కాబట్టి తమ వీధికి భయం లేదని ఎవరూ అనుకోకుండా, ఈ గ్రాఫు ఏ నదిది, దేనిది కాదు అన్న సంగతిని గ్రాఫు శీర్షికలోనే చెప్పు.

నా పాత నోటుబుక్కులోని నిల్వ పట్టికలను ఫోటోలు తీసి పంపుతున్నాను. తొమ్మిదో పేజీలో, పైనుంచి నాలుగో వరసలో నీటి మరక పడి ఒక అంకె 1 అని కూడా, 7 అని కూడా కనిపిస్తుంది. అది ఎక్కించేముందు నాకు ఒకసారి ఫోన్ చెయ్యి, అసలు పుస్తకం చూసి చెబుతాను.

ఇట్లు,
మీ నాన్న.