లంకలోనా, లంక మీదా?

లీసెస్టర్, ఇంగ్లండ్,
అక్టోబరు 12

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. నీ ఉత్తరం చదివి నవ్వొచ్చింది, కాస్త జాలీ వేసింది. ఇంగ్లీషు ప్రిపోజిషన్లలో (టు, ఇన్, ఆన్ లాంటి చిన్న మాటల్లో) పదికి నాలుగే వచ్చాయని అంత టెన్షన్ ఎందుకురా? ఇక్కడికొచ్చిన కొత్తలో నాకు ఆ నాలుగూ వచ్చేవి కావు.

అసలు గొడవంతా మన "కి"తోనే. రాజోలుకి వెళ్లాం, ఐదింటికి వచ్చాం, నాన్నకి చొక్కా కొన్నాం. అన్నిటికీ ఒకటే "కి". ఇంగ్లీషులో మొదటిదానికి టు, రెండోదానికి ఎట్, మూడోదానికి ఫర్. మనమేమో "కి" కనబడగానే టు తగిలించేస్తాం. నువ్వు రాసిన "రీచ్‌డ్ టు రాజోలు" అలాగే తప్పయింది. రీచ్ తర్వాత ఏ ప్రిపోజిషనూ రాదు. డిస్కస్ తర్వాత అబౌట్ కూడా అంతే. "తో" ఇంకో తిరకాసు: ఫలానా అబ్బాయితో పెళ్లయిందంటే విత్ కాదు, మ్యారీడ్ టు.

కాలం దగ్గర మాత్రం తెలుగే సాయం చేస్తుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది, మే 15న కాటన్ దొర జయంతి, సభ పదింటికి. ఆ "లో"కి ఇన్, "న"కి ఆన్, "కి"కి ఎట్. ఎంత చక్కగా కుదిరాయో చూడు! అలాగని "పొద్దున"లో న ఉంది కదా అని ఆన్ పెట్టేవు, అక్కడ ఇన్ ద మార్నింగ్. రాత్రికేమో ఎట్ నైట్. ఎందుకని నన్నడక్కు.

వచ్చిన కొత్తలో ఇంటి ఓనరమ్మ మీ ఊరెక్కడని అడిగితే, మనది గోదావరి లంక కదా, "ఇన్ ఎన్ ఐలాండ్" అన్నాను. "ఆన్ ఎన్ ఐలాండ్" అని దిద్దింది. లంక మీద ఉండటానికి మనమేమైనా కొంగలమా అనుకున్నాను! చిన్న దీవికి ఆన్ అట, దేశం పేరైతే ఇన్. అంటే శ్రీలంకకి ఇన్, మన లంకకి ఆన్. రాజమండ్రి "ఆన్ ద గోదావరి" అంటే ఒడ్డున ఉందని, తేలుతోందని కాదు. బస్సుకీ రైలుకీ రేవు దాటించే నరసాపురం పంటుకీ ఆన్, కారుకీ నాటు పడవకీ ఇన్. లేచి నాలుగడుగులు వేయగలిగితే ఆన్ అని నా కొండగుర్తు.

ఆవిడతోనే ఇంకోసారి "ఐ యామ్ హియర్ ఫ్రమ్ టూ ఇయర్స్" అన్నాను. పాపం, నా మొహం చూస్తూ నిలబడింది. ఫ్రమ్ విన్నాక ఎప్పటిదాకానో చెబుతానని ఎదురుచూసిందన్నమాట! రెండేళ్ల నుంచి అంటే ఫర్ టూ ఇయర్స్, 2022 నుంచి అంటే సిన్స్ 2022. రెండింటికీ "ఐ హావ్ బీన్ హియర్" అనే మొదలుపెట్టాలి.

ప్రిపోజిషన్‌ని ఒంటరిగా బట్టీపట్టకు. గుడ్ ఎట్, అఫ్రెయిడ్ ఆఫ్, వెయిట్ ఫర్ అని జంటగా నోటికి రానీ. చిన్నప్పుడు మాస్టారి బెత్తానికి భయపడి "డు, ము, వు, లు ప్రథమా విభక్తి" అని అప్పజెప్పేవాళ్లం కదా, అలాగ.

వైనతేయ పాయలో నీళ్లు తగ్గాయా? కొబ్బరి దింపు అయిందా? అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉందో దాచకుండా రాయి. ఎవరైనా ఇటు వస్తుంటే ఆత్రేయపురం పూతరేకులు పంపు. "సెండ్ మీ పూతరేకులు" అంటే టు అక్కర్లేదు, "సెండ్ పూతరేకులు" అని మొదలెడితే మాత్రం "టు మీ" అనాలి. ఎలా అన్నా సరే, బెల్లంవే పంపు.

ఇట్లు
మీ అక్క