పరిష్కారం కాకుండానే మూసేసిన నా ఫిర్యాదు టికెట్ గురించి

కస్టమర్ సపోర్ట్ మేనేజర్ గారికి,

మంగళగిరిలో మాది చేనేత చీరల దుకాణం. ఆరేళ్లుగా మా వెబ్‌సైట్ మీ ప్లాట్‌ఫామ్ మీదే ఉంది. 13 రోజులుగా అందులో ఒక్క ఆర్డరూ పడలేదు. ఆర్డర్ బటన్ పాడవడం కంటే, ఈ 13 రోజులు మీరు నన్ను తిప్పిన తీరే నాకు ఎక్కువ కోపం తెప్పించింది.

మొదటి శ్రావణ శుక్రవారానికి ముందు రోజు మీ అప్‌డేట్ వచ్చింది. వరలక్ష్మీ వ్రతానికని నిజాం అంచు చీరలు నేయించి, మడతలు పెట్టి సిద్ధంగా ఉంచుకున్నాం. మర్నాడు హైదరాబాద్ నుంచి ఒకావిడ ఫోన్ చేసి, "ఆర్డర్ బటన్ ఎన్నిసార్లు నొక్కినా ఏమీ కావట్లేదండీ" అన్నారు. వెంటనే ఎఫ్12 నొక్కి, పేజీలోని కోడ్ తప్పులు చూపించే కన్సోల్ చూశాను. ఎర్ర అక్షరాల్లో ఒకటే లైను: 'టైప్ ఎర్రర్: ఫారమ్ డాట్ సబ్మిట్ ఈజ్ నాట్ ఎ ఫంక్షన్'. అంటే ఆర్డర్ ఫారమ్‌ని పంపాల్సిన ఫంక్షన్, అదే కోడ్‌లోని ఆదేశం, పనిచేయట్లేదు. స్క్రీన్‌షాట్ తీసి పది నిమిషాల్లో మీకు పంపాను.

చాట్‌లోకి వచ్చిన అబ్బాయి క్యాష్, అంటే బ్రౌజర్ దాచుకున్న పాత ఫైళ్లు, క్లియర్ చేయమన్నాడు. చేశాను. వేరే బ్రౌజర్‌లో చూడమన్నాడు. చూశాను. అవే మాటలు మళ్లీ పంపాడు. స్క్రీన్‌షాట్ తెరిచాడా అని అడిగితే చాట్ ఆగిపోయింది. ఫోన్ చేస్తే 40 నిమిషాలు సంగీతం వినిపించి, ఒక అమ్మాయి లైన్లోకి వచ్చి మీ ఇంటర్నెట్ స్పీడ్ ఎంత అని అడిగింది. నెట్ బాగుందమ్మా, ఫంక్షన్ కాల్ ఫెయిల్ అవుతోంది అంటే, "టెక్నికల్ టీమ్‌కి పంపాను, 24 గంటల్లో ఫోన్ వస్తుంది" అంది. నాలుగు రోజులు ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చున్నాను. రాలేదు. మూడోసారి మాట్లాడిన వ్యక్తి, మీ సొంత కోడ్‌కి మేం బాధ్యులం కాదన్నారు. ఆ పేజీలో నేను రాసిన కోడ్ ఒక్క లైను కూడా లేదు. ఆ మాట చెబుతుంటే ఫోన్ పెట్టేశారు. మర్నాడు పొద్దున మెయిల్: 'మీ సమస్య పరిష్కారమైంది, టికెట్ మూసేశాం, మా సేవకు రేటింగ్ ఇవ్వండి.' ఆ మెయిల్ చదివినప్పుడు చేతులు వణికాయి.

చివరికి ఒక రాత్రంతా కూర్చుని కారణం నేనే పట్టుకున్నాను. అప్‌డేట్‌లో మీరిచ్చిన కొత్త టెంప్లేట్‌లో (పేజీ నమూనాలో) ఆర్డర్ బటన్‌కి కోడ్‌లో 'సబ్మిట్' అని పేరు పెట్టారు. ఫారమ్‌లో ఆ పేరుతో బటన్ ఉంటే, ఫారమ్ డాట్ సబ్మిట్ అన్నప్పుడు బ్రౌజర్‌కి ఫారమ్‌ని పంపే ఫంక్షన్ దొరకదు, ఆ బటనే దొరుకుతుంది. బటన్‌ని ఫంక్షన్‌లా పిలిస్తే వచ్చేది ఈ ఎర్రరే. పిలిచే స్క్రిప్టూ మీదే, పేరు మార్చిందీ మీరే. బటన్‌కి ఇంకో పేరు పెడితే చాలు. ఆ ఫైలు మాకు తెరుచుకోదు కాబట్టి మీరే మార్చాలి. ఇదంతా రాసి పంపితే 'మీ సూచనకు ధన్యవాదాలు' అని ఆటోమేటిక్ జవాబు వచ్చింది.

మొన్న శుక్రవారం వ్రతం అయిపోయింది. అమ్మ ఆర్డర్లు రాసుకునే పుస్తకంలో ఆ వారం పేజీలు ఖాళీగా ఉన్నాయి. ఆరేళ్లలో ఒక్కసారి కూడా డబ్బు ఆలస్యంగా కట్టలేదు. మా వీధిలో ఇంకో మూడు దుకాణాలవాళ్లు నా మాట మీదే మీ దగ్గర చేరారు. ఇప్పుడు వాళ్ల మొహం చూడలేకపోతున్నాను.

ఈ నెల డబ్బు సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఆ టికెట్ తెరిచి, కోడ్ చదవగలిగిన మనిషిని ఒకరిని ఫోన్‌లోకి పంపండి. సోమవారంలోగా జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, ఆ తర్వాత వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. వ్యాపారం కదా అని తోసిపుచ్చకండి. ఇది మా బతుకుతెరువు. చాట్‌లు, మెయిల్స్, కాల్ చేసిన సమయాలు అన్నీ దాచాను.

నా నంబర్ ఆ టికెట్‌లోనే ఉంది. ఫోన్ చేసేవాళ్లు ముందు స్క్రీన్‌షాట్ చూసి చేయండి. ఇంకొకరికి మళ్లీ మొదటి నుంచి చెప్పే ఓపిక నాకు లేదు.

ఇట్లు,
ఆరేళ్ల మీ కస్టమర్,
మంగళగిరి