గంట మోగింది సరే, పాఠం ఎక్కణ్నుంచి మొదలెట్టాలి?

ఒరేయ్ మాస్టారూ,

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. ఈపాటికి నన్ను నాలుగు తిట్టుకునే ఉంటావు. ఆలస్యానికి కారణం నువ్వే. "పెద్ద దేశాలవాళ్లు ఏసీ హాళ్లలో కూర్చుని ప్రపంచంలో చదువుల్ని బాగుచేస్తామంటారు. నా క్లాసులో చివరి బెంచీ కుర్రాడు ఆరో తరగతికొచ్చి ఇంకా కూడబలుక్కుంటూనే ఉన్నాడు. ఆ మీటింగులకీ వీడికీ ఏంట్రా సంబంధం?" అని రాసి వదిలేశావు. నిన్ను కడిగేద్దామని ఆ రోజే కూర్చున్నాను. రెండు పేజీలు రాశాక సగం నీ మాటే రైటనిపించి చింపేశాను. మిగతా సగం కోసం ఇది మళ్లీ రాస్తున్నాను.

వయసు లెక్కేసి చూడు. మీ చివరి బెంచీవాడు ఒకటో తరగతిలో ఉండాల్సిన ఏడాది అసలు బడే లేదు. 2020 ఏప్రిల్ నాటికి 190కి పైగా దేశాల్లో బడులు మూతపడ్డాయి. ఇళ్లలో కూర్చున్న పిల్లలు దాదాపు 160 కోట్లని యునెస్కో లెక్క. రేడియో, టీవీ, ఇంటర్నెట్ ఏదీ అందక పూర్తిగా చదువుకు దూరమైనవాళ్లు కనీసం 46 కోట్ల మందని యూనిసెఫ్ ఆ ఆగస్టులో చెప్పింది. 2021 మార్చిలో న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి ఆవరణలో యూనిసెఫ్ వాళ్లు ఖాళీ డెస్కులు వరసలుగా వేసి, కుర్చీలకు స్కూలు బ్యాగులు తగిలించి పెట్టారు. మొత్తం 168 డెస్కులు. ఒక్కో డెస్కు పదిలక్షల మందికి గుర్తు. అప్పటికి దాదాపు ఏడాదిగా బడి గుమ్మం తొక్కని పిల్లల లెక్క అది. ఆ ఫొటో చూసినప్పుడు నాకు టీచర్ బల్ల మీదికే చూపు పోయింది. నువ్వు గుర్తొచ్చావు మరి.

అందరికంటే ఎక్కువకాలం మూసింది ఉగాండా. మధ్యలో కొన్ని తరగతులకు తెరిచి మళ్లీ మూసి, చివరికి 2022 జనవరి 10న పూర్తిగా తెరిచారు. దాదాపు రెండేళ్లు. మనకు ఆరు నెలల గ్యాప్ వస్తేనే సైకిల్ తొక్కడం మర్చిపోయామేమో అనిపిస్తుంది. అక్షరాలు అప్పుడే పట్టుబడుతున్న పిల్లాడికి రెండేళ్లంటే ఆలోచించు.

అయితే నన్ను నిజంగా కుదిపిన విషయం కరోనాకి సంబంధించింది కాదు. 2005 అక్టోబర్‌లో ఉత్తర పాకిస్తాన్‌లో భూకంపం వచ్చింది కదా. అక్కడ బడులు సగటున 14 వారాలు మూతపడ్డాయి. సాయం అందింది, బడులు మళ్లీ లేచాయి. నాలుగేళ్ల తర్వాత పరిశోధకులు వెళ్లి పరీక్ష పెట్టారు. పిల్లల ఎత్తూ బరువూ చూశారు, చదువూ చూశారు. భూకంపానికి దగ్గరగా ఉన్న ఊళ్ల పిల్లలు దూరపు ఊళ్ల పిల్లల కంటే చదువులో ఏడాదిన్నర వెనకబడి ఉన్నారు! పోయింది మూడు నెలల చిల్లర, తేలింది పద్దెనిమిది నెలల లోటు. తల్లి కనీసం ప్రాథమిక విద్య పూర్తి చేసిన ఇళ్లలో మాత్రం ఆ లోటు కనబడలేదు.

మూడు నెలల చిల్లరకు ఏడాదిన్నర వడ్డీ ఎలా పడింది? నీకు చెప్పక్కర్లేదు, రోజూ చూస్తున్నావు. బడి తెరవగానే పై తరగతి పుస్తకం చేతిలో పెట్టాం. పిల్లాడికి కూడికలు రావు, టీచర్ భిన్నాలు మొదలెట్టాడు. సిలబస్ పూర్తవ్వాలి, ఇన్‌స్పెక్షన్ వస్తుంది. మొదటి రోజు అర్థం కాలేదు, రెండో రోజు సిగ్గేసింది, నెల తిరిగేసరికి చివరి బెంచీకి చేరాడు. బడి మూసిన రోజుల్లో పోయినదానికంటే తెరిచిన తర్వాత పోయిందే ఎక్కువ. అంతర్జాతీయ సహకారం అన్నప్పుడల్లా నేను వెతికేది దీని గురించే: తెరిచిన మర్నాడు పాఠం ఎక్కణ్నుంచి మొదలెట్టాలో ఎవరైనా ఎవరికైనా చెప్పారా లేదా?

ఇప్పుడు నీ మాట రైటన్న సగం గురించి. పేర్లు మాత్రం బ్రహ్మాండంగా పెట్టారు. 2020 మార్చిలోనే యునెస్కో ఒక ప్రపంచ కూటమి కట్టింది. 2021లో యునెస్కో, యూనిసెఫ్, ప్రపంచ బ్యాంకు కలిసి ఒక మిషన్ మొదలెట్టాయి. పిల్లలందర్నీ బడికి తేవాలి, పోయిన చదువు తిరిగి రాబట్టాలి, టీచర్లకు అండగా ఉండాలి అని మూడు లక్ష్యాలు. ఆ మరుసటి ఏడాది ఐదు ఇంగ్లిష్ అక్షరాలు కలిపి 'ర్యాపిడ్' అని ఒక ప్రణాళిక. (ప్రతి ప్రణాళికకీ ముందు పేరు దొరికాక పని వెతుకుతారేమోనని నాకు పాత అనుమానం.) 2022 సెప్టెంబర్‌లో న్యూయార్క్‌లో విద్య మీదే ప్రత్యేకంగా శిఖరాగ్ర సమావేశం. కాగితం మీద ఇందులో తప్పుపట్టేదేం లేదు. ఆ మూడు లక్ష్యాలూ నువ్వూ నేనూ కూర్చుని రాసినా అవే రాస్తాం.

డబ్బు దగ్గరికొచ్చేసరికి అసలు రంగు బయటపడుతుంది. 2021 జులైలో బ్రిటన్, కెన్యా కలిసి లండన్‌లో సదస్సు పెట్టి, పేద దేశాల చదువుల కోసం ఐదేళ్లకు 500 కోట్ల డాలర్లు కావాలన్నాయి. 400 కోట్లకు హామీలు వచ్చాయి. చప్పట్లు. అదే ఏడాది అదే బ్రిటన్ తన విదేశీ సాయాన్ని జాతీయాదాయంలో 0.7 శాతం నుంచి 0.5 శాతానికి తగ్గించేసింది. పెళ్లికి పిలిచి విస్తరి లాగేసినట్టు. ఇంకో లెక్క చూడు. అమెరికా ఒక్కటే తన స్కూళ్లు కోలుకోవడానికి మూడు విడతల్లో సుమారు 19,000 కోట్ల డాలర్లు కేటాయించుకుంది. దాని పిల్లల కోసం అది పెట్టుకుంది, తప్పేం లేదు. కానీ పదుల పేద దేశాలకు ఐదేళ్లకు 400 కోట్లు, ఒక్క దేశానికి 19,000 కోట్లు పక్కపక్కన రాసి చూస్తే కోలుకోవడం అనే మాటకు ఒక్కోచోట ఒక్కో అర్థం ఉందని తెలుస్తుంది. అసలు దేశాలన్నీ కరోనా ప్యాకేజీలని ప్రకటించిన సొమ్ములో చదువుకు దక్కింది సగటున 3 శాతం కన్నా తక్కువ. పేద దేశాల్లోనూ, ఆదాయంలో వాటికి కాస్త పైనున్న దేశాల్లోనూ మూడింట రెండొంతులు మొదటి ఏడాదే విద్యా బడ్జెట్ కోసేశాయి.

2022లో ప్రపంచ బ్యాంకు, యునెస్కో, యూనిసెఫ్ కలిసి ఒక అంచనా ఇచ్చాయి. పేద, మధ్యాదాయ దేశాల్లో పదేళ్ల పిల్లల్లో చిన్న పేరా చదివి అర్థం చేసుకోలేనివాళ్లు కరోనాకి ముందు 57 శాతం, తర్వాత 70 శాతం. అంటే మీ చివరి బెంచీ చాలా పొడుగైందిరా. ఇదంతా పేద దేశాల గొడవే అనుకోకు. నెదర్లాండ్స్‌లో ఇంటింటికీ ఇంటర్నెట్ ఉంది, బడి మూసింది 8 వారాలే. అయినా ఐదో వంతు ఏడాది చదువు పోయింది, తల్లిదండ్రులు పెద్దగా చదువుకోని ఇళ్లలో ఇంకా ఎక్కువ.

ఇప్పుడు నీతో ఒప్పుకోని సగం. ముందు నా బోల్తా కథ చెప్పాలి. బడులు మూసిన ఆ కరోనా రోజుల్లో మా అక్క కొడుక్కి లెక్కలు నేను చెప్తానని ఒప్పుకున్నాను. రోజూ పొద్దున్నే ఫోన్‌కి ఐదు లెక్కలు మెసేజ్ పెట్టేవాణ్ని. వాడు ఠంచనుగా బొటనవేలి బొమ్మ పెట్టేవాడు. నెల రోజులు నేనో గొప్ప మాస్టార్నని మురిసిపోయాను. ఒకరోజు మాటల మధ్యలో మూడు వందల ఐదు రాయమన్నాను. కాసేపు నిశ్శబ్దం. "రాశాను మామయ్యా, 3005." వాడు విన్నది విన్నట్టే రాశాడు, ముందు మూడు వందలు, దాని పక్కన ఐదు. నెల రోజుల లెక్కలన్నీ అక్క చేసి పెట్టిందట. ఆ రోజు నుంచి మెసేజ్‌లు మానేసి వారానికి రెండుసార్లు ఇరవై నిమిషాలు మాట్లాడటం మొదలెట్టాను. వాడు తడబడ్డ చోటే ఆగి, అగ్గిపుల్లలు పదేసి కట్టలు కట్టించి, స్థానాల దగ్గర్నుంచి చెప్పుకొచ్చాను. రెండు నెలలు పట్టింది.

తర్వాత తెలిసింది, సరిగ్గా ఇదే ప్రశ్నని అప్పుడే ఆఫ్రికాలోని బోట్స్వానాలో ఒక స్వచ్ఛంద సంస్థ, కొందరు పరిశోధకులు కలిసి పరీక్షిస్తున్నారని! దాదాపు 4,500 కుటుంబాలు. కొన్ని ఇళ్లకు వారంవారం లెక్కల మెసేజ్ మాత్రమే. కొన్ని ఇళ్లకు మెసేజ్‌తో పాటు ఇరవై నిమిషాల లోపు ఒక ఫోన్ కాల్, అందులో టీచరు తల్లినో తండ్రినో పక్కన కూర్చోబెట్టి పిల్లాడితో లెక్క చేయిస్తాడు. ఒట్టి మెసేజ్‌ వెళ్లిన ఇళ్లలో చెప్పుకోదగ్గ మార్పు కనబడలేదు. కాల్ వెళ్లిన ఇళ్లలో పిల్లలు నేర్చుకున్నారు. స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు, మామూలు బటన్ ఫోన్ చాలు. అది అక్కడితో ఆగలేదు. ఇండియా, నేపాల్, ఫిలిప్పీన్స్, కెన్యా, ఉగాండా, ఈ ఐదు దేశాల్లో మళ్లీ చేసి చూశారు. నేపాల్, ఫిలిప్పీన్స్‌లలో ప్రభుత్వ టీచర్లే ఫోన్లు చేశారు, ఫలితం తగ్గలేదు. నాకు అన్నిటికంటే నచ్చింది అదే. బయటి సంస్థ చేస్తే బాగుండి సర్కారు చేస్తే చతికిలబడే పథకాలు ఎన్ని చూడలేదు మనం!

చూశావా, ఒక చిన్న దేశంలో పుట్టిన ఉపాయం ఖండం దాటి వెళ్లింది. నేను సహకారం అని పిలిచేది దీన్నే. ఉపాయాలు అటు నుంచే కాదు, ఇటు నుంచీ వెళ్లాయి. పిల్లల్ని తరగతిని బట్టి కాకుండా వచ్చినదాన్ని బట్టి కూర్చోబెట్టే పద్ధతి ఇండియాలో ప్రథమ్ సంస్థ ఏళ్ల తరబడి అరగదీసి తయారుచేసింది. జాంబియా ప్రభుత్వం దాన్ని తీసుకుని, కరోనాకి ముందే 'క్యాచ్ అప్' అనే పేరుతో తన బడుల్లో పెట్టుకుంది. మహమ్మారి వచ్చేనాటికి వాళ్ల టీచర్ల చేతిలో పనిముట్టు సిద్ధంగా ఉంది.

ఆ పనిముట్టు ఎలా ఉంటుందో చెప్తాను, నీకు పనికొస్తుంది. ఒకే ఒక్క కాగితం. దానిమీద కొన్ని అక్షరాలు, కొన్ని పదాలు, ఒక చిన్న పేరా, ఒక చిన్న కథ. ఒక్కో పిల్లాడితో విడిగా కూర్చోవాలి. ముందు పేరా ఇస్తావు. గడగడా చదివితే కథ. తడబడితే పదాలు. అవీ రాకపోతే అక్షరాలు. ఎక్కడ ఆగాడో అక్కడ టిక్. మార్కుల్లేవు, ర్యాంకుల్లేవు, ఐదు నిమిషాల్లో అయిపోతుంది. తర్వాత రోజుకో గంట మూడో తరగతివాడూ ఐదో తరగతివాడూ అన్న తేడా లేకుండా, పదాల దగ్గర ఆగినవాళ్లంతా ఒక గుంపు, పేరా దగ్గర ఆగినవాళ్లంతా ఇంకో గుంపు. మిగతా పీరియడ్లు మామూలే. 'దీనికి అంతర్జాతీయ సహకారం ఎందుకురా, బుర్ర చాలదా' అంటావు. బుర్ర చాలు. కానీ ఆ గంటసేపు సిలబస్ పక్కన పెట్టడానికి పైనుంచి అనుమతి కావాలి. ఆ అనుమతి ఇచ్చే అధికారికి, పక్క దేశంలో ఇలా చేస్తే ఇలా జరిగింది అని చూపించే కాగితం కావాలి.

సియెర్రా లియోన్ సంగతి కూడా చెప్పి తీరాలి. 2014లో ఎబోలా వచ్చి అక్కడ బడులు తొమ్మిది నెలలపాటు తెరుచుకోలేదు. అప్పుడు రేడియోలో పాఠాలు చెప్పడం నేర్చుకున్నారు. 2020లో బడులు మూసిన కొద్ది రోజులకే ఆ రేడియో పాఠాలు మళ్లీ మొదలయ్యాయి. పెద్ద దేశాలు ఏ యాప్ కొనాలా అని కమిటీలు వేస్తున్న సమయమది. ఎబోలా రోజుల్లో ఇంకో ఘోరం జరిగింది. బడి లేని నెలల్లో చాలామంది ఆడపిల్లలు గర్భవతులయ్యారు. బడులు తెరిచాక గర్భంతో ఉన్న పిల్లలు బడికి రాకూడదని నిషేధం పెట్టారు. 2019 డిసెంబర్‌లో పశ్చిమ ఆఫ్రికా దేశాల ఉమ్మడి కోర్టు అది తప్పని తీర్పు చెప్పింది. 2020 మార్చిలో, సరిగ్గా కరోనా గడప తొక్కే వేళకి, ప్రభుత్వం ఆ నిషేధం ఎత్తేసింది. ఎన్ని డాలర్ల హామీలు కలిపితే ఆ తీర్పుకు సాటొస్తాయో నువ్వే చెప్పు.

ఇప్పుడు గాలి ఎదురు తిరిగింది, అది దాచను. 2025 జులై 1 నుంచి అమెరికా తన విదేశీ సాయం సంస్థ యూఎస్‌ఎయిడ్‌కి తాళం వేసింది, అదే నెలలో యునెస్కో నుంచి మళ్లీ తప్పుకుంటానంది. యూరప్ దేశాలూ చేతులు ముడుచుకుంటున్నాయి. సదస్సులు తగ్గితే నాకు దిగుల్లేదు. ఆ డబ్బుతో నడిచే సర్వేలు, టీచర్ల ట్రైనింగులు, ఒక దేశం పాఠం ఇంకో దేశానికి మోసుకెళ్లే మనుషులు తగ్గితేనే టెన్షన్. ఇంకోసారి బడులు మూతపడితే అందరం మళ్లీ అక్షరాల దగ్గర్నుంచి మొదలెట్టాలి.

సరే, కవర్లో ఒక కాగితం మడిచి పెట్టాను. అక్షరాలు, పదాలు, పేరా, కథ. నేనే రాశాను, కథ కాస్త చప్పగా ఉంది, నవ్వకు. మీ క్లాసు మొత్తానికీ పెట్టు, చివరి బెంచీతో మొదలెట్టకు, వాడికి అనుమానం వస్తుంది. పేరా దగ్గర ఎంతమంది ఆగారో, వాడు ఎక్కడ ఆగాడో నాకు రాయి. హెడ్మాస్టర్ గారు సిలబస్ అంటూ అడ్డుపడితే ఆ పాకిస్తాన్ లెక్క చూపించు, పద్నాలుగు వారాలకు ఏడాదిన్నర అని.

మా మేనల్లుడు ఇప్పుడు నాకే లెక్కల్లో తప్పులు పడుతున్నాడు. చెల్లెమ్మకి, పిల్లలకి అడిగానని చెప్పు.

నీ
బద్ధకిష్టి