టెర్రియర్లన్నిటినీ ఒకే గాటన కట్టవద్దు

సంపాదకులు గారికి,

కుక్క కాటు వార్తల్లో ఈమధ్య ‘టెర్రియర్’ అన్న పేరు తరచుగా కనిపిస్తోంది. అది ఏ రకం టెర్రియరో మాత్రం రాయడం లేదు. దాంతో ఒళ్లో పట్టే యార్క్‌షైర్ టెర్రియర్‌ను పెంచుకుంటున్న వారిని కూడా ఇరుగుపొరుగు వారు అనుమానంగా చూస్తున్నారు. గొర్రెల సంతలో నెల్లూరు జాతి రకాల్లో ఏది పల్లో, ఏది జుడిపో, ఏది బ్రౌనో దూరం నుంచే చెప్పగల నెల్లూరు జిల్లా వాళ్లం, కుక్కల దగ్గరికి వచ్చేసరికి ఆ పాటి తేడా చూడకపోవడం సబబుగా లేదు.

బొరియల్లోకి దూరి నక్కలను బయటికి తరమడానికీ, ఎలుకలను పట్టడానికీ ప్రధానంగా బ్రిటన్‌లో వృద్ధి చేసిన కుక్కలు టెర్రియర్లు. కెయిర్న్, స్కాటిష్, వెస్ట్ హైలాండ్ వైట్ రకాలకు కాళ్లు పొట్టి. ఎయిర్‌డేల్ వీటన్నిటికన్నా పెద్దది, ఇరవై కిలోలు దాటి తూగుతుంది. మూడు కిలోల యార్క్‌షైర్‌కు ఇప్పుడు జుట్టుకు రిబ్బను కడుతున్నారు గానీ, 19వ శతాబ్దంలో ఇంగ్లండు బట్టల మిల్లుల్లో ఎలుకలు పట్టిన వంశమే అది. ఇక బుల్ టెర్రియర్, స్టాఫర్డ్‌షైర్, పిట్‌బుల్ రకాల సంగతి వేరు. ఎద్దుల మీదికి ఉసిగొల్పే బుల్‌డాగ్‌లను టెర్రియర్లతో కలిపి, కుక్కల పందేల కోసం తయారు చేసిన శాఖ ఇది. దవడ బలమూ, ఒంటి బలమూ ఉన్న ఈ కుక్కలను అనుభవం లేనివారు ముచ్చటపడి తెచ్చుకోవడం మంచిది కాదన్నదే నా అభిప్రాయం.

2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ కొన్ని జాతుల కుక్కల అమ్మకాన్నీ పెంపకాన్నీ నిషేధించాలంటూ రాష్ట్రాలకు లేఖ రాసినప్పుడు, ఆ జాబితాలో పిట్‌బుల్ టెర్రియర్, అమెరికన్ స్టాఫర్డ్‌షైర్ టెర్రియర్ పేర్లతో పాటు వట్టి ‘టెర్రియర్లు’ అని కూడా చేర్చారు. ఆ లెక్కన రిబ్బను కట్టిన యార్క్‌షైర్ కూడా క్రూర జంతువే కావాలి! ఆ లేఖను కర్ణాటక హైకోర్టు అదే ఏడాది ఏప్రిల్‌లో కొట్టివేసింది.

కోవూరు దగ్గర ఒక రైసుమిల్లులో జాక్ రస్సెల్ టెర్రియర్ పని చేయడం నేను స్వయంగా చూశాను. ఊక బస్తాల సందులో ముక్కు పెట్టి వాసన పట్టి, ముందుకాళ్లతో మట్టి తోడి, తనలో సగం ఉన్న పందికొక్కును మెడ దగ్గర కరిచి పట్టుకుని రెండు విదిలింపుల్లో చంపేసింది. మనుషుల జోలికి మాత్రం రాలేదు. అయితే ఇలాంటి కుక్కలను మిల్లుల్లో, పొలాల్లో ఉంచుకునేవారు ఒక జాగ్రత్త తీసుకోవాలి. వరి పొలాల్లో ఎలుకలకు పెట్టే బ్రోమోడయోలిన్ మందు తిన్న ఎలుకను కుక్క తింటే, రక్తం గడ్డకట్టే గుణం పోయి కొద్ది రోజుల్లో లోలోపల రక్తస్రావమై ప్రాణం మీదికి రావచ్చు. సకాలంలో పశువైద్యుడి దగ్గరికి తీసుకెళితే విటమిన్ కె1తో బతికించవచ్చు. ఎలుకల మూత్రం ద్వారా సోకే లెప్టోస్పైరోసిస్‌కు టీకా కూడా ఏటా వేయించాలి.

కొనుగోలుదారులను మరింత తికమక పెడుతున్నది అమ్మకందారులే. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నా, కళ్లు సరిగా తెరవని పిల్లలను చూపించి ‘టెర్రియర్’ అని బేరం పెట్టేవారు ఉన్నారు. నెల్లూరు, ఒంగోలు పట్టణాల్లోని కుక్కపిల్లల దుకాణాలను పశుసంవర్ధక శాఖ అధికారులు తనిఖీ చేసి, రసీదు మీద రకం, పుట్టిన తేదీ, వేసిన టీకాలు తప్పనిసరిగా రాయించాలి. కాటు వార్త రాసే విలేకరులు కూడా ఏ రకం కుక్కో తెలియనప్పుడు దగ్గరలోని పశువైద్యుణ్ణి అడిగి రాయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కోవూరు, నెల్లూరు జిల్లా