కట్టు మారుస్తున్నారు, కాలు మాత్రం చూడట్లేదు

ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

సార్, ఇప్పటికి మూడు అర్జీలు పెట్టాను, మూడింటికీ "సంబంధిత విభాగానికి పంపాము" అనే జవాబే వచ్చింది, ఆ విభాగం ఎక్కడుందో మీకైనా తెలిస్తే చెప్పండి, నేనే వెళ్తా.

మా అమ్మకి ఎడమ చీలమండ లోపలి వైపు పుండు. 14 నెలలైంది. రోజు మార్చి రోజు డ్రెస్సింగ్ రూముకి తీసుకెళ్తాం, అంటుకుపోయిన పాత గుడ్డ పీకుతారు, అమ్మ పళ్ళు బిగబట్టి కళ్ళు మూసుకుంటుంది, కొత్తది చుట్టి పంపేస్తారు. యాంటీబయాటిక్స్ ఎన్ని కోర్సులు మింగిందో లెక్కే లేదు. జ్వరం లేదు, చీము లేదు, చుట్టూ ఎరుపు పాకట్లేదు, మరి ఆ మాత్రలెందుకు అంటే "పుండుంది కదమ్మా" అన్నారు!

ఇన్ని నెలల్లో ఒక్కరంటే ఒక్కరు ఆ కాలికి రక్తం సరిగ్గా అందుతోందా అని చూడలేదు సార్. చేతిలో పట్టే డాప్లర్‌తో, అంటే రక్తం పారే చప్పుడు వినిపించే చిన్న యంత్రంతో, చీలమండ దగ్గర బీపీ చూసి దాన్ని చేతి బీపీతో భాగించాలి, అంతే. 0.8 కన్నా తక్కువొస్తే ధమనుల్లో అడ్డు ఉండొచ్చు, అలాంటి కాలికి గట్టిగా కట్టు కడితే కాలికే ముప్పు. 0.5 కన్నా తగ్గితే ఆలస్యం చెయ్యకుండా వాస్క్యులర్ సర్జన్ (రక్తనాళాల డాక్టరు) దగ్గరికి పంపాలి. షుగర్ వాళ్ళకి రక్తనాళాలు గట్టిపడి ఆ అంకె దొంగగా ఎక్కువ చూపిస్తుంది, అది కూడా చూసేవాళ్ళకి తెలిసుండాలి. అమ్మకి పిక్కల్లో నరాలు ఉబ్బి, చీలమండ చుట్టూ చర్మం నల్లబడి, సాయంత్రానికి కాలు వాస్తుంది, ఇది సిరల పుండులా, అంటే కాల్లో రక్తం పైకి సరిగ్గా వెళ్ళక వచ్చే పుండులా ఉందని చదువుకుంటే నాకే అర్థమైంది. రక్తం బాగా అందుతోందని తేలితే దీనికి అసలు వైద్యం కాలిని బిగువుగా నొక్కి ఉంచే కంప్రెషన్ కట్టే, వేళ్ళ మొదళ్ళ నుంచి మోకాలి కింద దాకా, చీలమండ దగ్గర బీపీ కొలిచే లెక్కలో 40 మిల్లీమీటర్ల ప్రెషర్ వచ్చేలా. కానీ కొలవకుండా అది కట్టకూడదు, కొలిచే డాప్లర్ లేదు, కాబట్టి మళ్ళీ అదే గుడ్డ. ఎంత బాగా కుదిరిందో చూడండి.

పుండు పెరిగిందా తగ్గిందా అని కూడా ఎవరూ రాసుకోరు. నేనే స్కేలు పక్కన పెట్టి ఫోన్లో ఫోటోలు తీస్తున్నా. ఇన్నాళ్ళు మానని పుండు అంచు నుంచి చిన్న ముక్క తీసి క్యాన్సర్ ఉందేమో చూడాలట, ఆ మాట అడగడానికి నాకు భయం, చెప్పడానికి వాళ్ళకి తీరిక లేదు.

దయచేసి డ్రెస్సింగ్ రూముకొక డాప్లర్ ఇప్పించండి సార్, అది వాడటం, కట్టు కట్టడం సిస్టర్లకి నేర్పించండి. డాప్లర్ ఇప్పించండి చాలు. ఎల్లుండి మళ్ళీ మా వంతు.