లివర్ రోగికి పప్పు, గుడ్డు మాన్పిస్తే జింక్ ఎక్కడ్నుంచి వస్తుంది?

సంపాదకులకు నమస్కారం.

మీ ఆరోగ్యం పేజీలో లివర్ జబ్బుల గురించి తరచూ రాస్తున్నారు, సంతోషం. కానీ ఎప్పుడు చూసినా తాగుడు మానండి, ఉప్పు తగ్గించండి, నూనె తగ్గించండి, అక్కడితో సరి. సిర్రోసిస్ (లివర్ మచ్చలు పడి గట్టిపడే జబ్బు) ఉన్నవాళ్ళలో చాలామందికి ఒంట్లో జింక్ అనే ఖనిజం తక్కువగా ఉంటుందన్న ముక్క ఒక్కసారీ కనబడలేదు. ఇదేమన్నా నిన్నమొన్నటి సంగతా అంటే కాదు, తాగుడు వల్ల లివర్ పాడైనవాళ్ళ రక్తంలో జింక్ తగ్గుతోందని అమెరికాలో వాలీ అనే శాస్త్రవేత్త బృందం 1956లోనే రాసింది.

మా నాన్నకి సిర్రోసిస్. చూడ్డానికి వచ్చిన చుట్టాలందరిదీ ఒకటే పాట, పప్పు వద్దు, గుడ్డు వద్దు, మాంసం ఊసే ఎత్తొద్దు, లివర్‌కి భారం అని. ఇక మిగిలింది చారన్నం, ఇడ్లీ. ఆయనేమో ఏం పెట్టినా నోటికి రుచి తెలియట్లేదని పళ్ళెం పక్కకి నెట్టేస్తారు, అందరూ ఆ తప్పు ఉప్పు లేని కూర మీద వేస్తారు. రుచి తెలియకపోవడం జింక్ తగ్గినా వస్తుంది. రుచి లేక తినరు, తినక జింక్ ఇంకా పడిపోతుంది. జుట్టు ఊడటం, పుండు తొందరగా మానకపోవడం, మసక వెలుతురులో చూపు ఆనకపోవడం కూడా దీనివల్ల ఉండొచ్చు, కానీ ఇంట్లో అవన్నీ వయసు ఖాతాలోకి పోతాయి.

అసలు జింక్ ఎందుకు పోతుందంటే, రక్తంలో అది ఎక్కువగా లివర్ తయారుచేసే ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌ని అంటిపెట్టుకుని తిరుగుతుంది, లివర్ దెబ్బతింటే ఆ ఆల్బుమినే తగ్గిపోతుంది. పొట్టలో నీరు తగ్గడానికి ఇచ్చే ఫ్యూరోసెమైడ్ లాంటి మాత్రలతో కొంత మూత్రంలో పోతుంది. పైగా మన బియ్యం, పప్పుల్లో ఉండే ఫైటేట్లు అనే పదార్థాలు తిన్న జింక్‌ని కూడా పూర్తిగా ఒంటబట్టనివ్వవు. ఆరోగ్యంగా ఉన్న మగవాళ్ళకే రోజుకు 17 మిల్లీగ్రాములు, ఆడవాళ్ళకు 13.2 మిల్లీగ్రాములు కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పింది, చారన్నంతో అంత ఎలా వస్తుందండీ?

లివర్ వైద్యుల మార్గదర్శకాలు చూస్తే సిర్రోసిస్ రోగికి కిలో బరువుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ పెట్టమంటాయి, అంటే 60 కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములు. రక్తంలో అమ్మోనియా పెరిగి రోగి తికమక పడుతున్నా ప్రొటీన్ మాన్పించొద్దనే అంటున్నాయి. పప్పు, శనగలు, నువ్వులు, పల్లీలు, గుడ్డు, చికెన్ తీసేస్తే ప్రొటీన్‌తో పాటు జింక్ కూడా పోతుంది. మరి జింక్ మాత్రలిస్తే ఆ తికమక తగ్గుతుందా అంటే పరిశోధనలన్నీ ఒకే మాట చెప్పట్లేదు, కాబట్టి అద్భుతం అని హెడ్డింగులు పెట్టకండి.

ఇది చదివి మెడికల్ షాపుకి పరిగెత్తేవాళ్ళూ ఉంటారు, వాళ్ళ కోసం కూడా రాయండి. 220 మిల్లీగ్రాముల జింక్ సల్ఫేట్‌లో అసలు జింక్ 50 మిల్లీగ్రాములే, స్ట్రిప్ మీద అంకె చూసి మోతాదు లెక్కేసుకోకూడదు. ఎక్కువ మోతాదు నెలల తరబడి మింగితే ఒంట్లో రాగి తగ్గి రక్తహీనత, నరాల సమస్య వస్తాయి. పొట్ట నీటికి ఇన్ఫెక్షన్ రాకుండా ఇచ్చే నార్‌ఫ్లాక్సాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్‌లతో కలిపి వేసుకుంటే ఆ యాంటీబయాటిక్ సరిగా ఒంటబట్టదు. రక్త పరీక్షలోనూ మెలిక ఉంది, ఇన్ఫెక్షన్ ఉన్నా ఆల్బుమిన్ తక్కువున్నా జింక్ తక్కువగానే చూపిస్తుంది, ఆ రిపోర్టు డాక్టరే చూడాలి.

ఈసారి లివర్ మీద రాసేటప్పుడు ఒక డైటీషియన్‌తో మన వంటల్లోనే, ఉప్పు తక్కువగా, రాత్రి పడుకునే ముందు తినేదానితో సహా ఒక రోజు భోజనం రాయించి వేయండి. వీలైతే పెద్ద అక్షరాల్లో, చుట్టాలకి కూడా చూపిస్తాం.

ఇట్లు,
ఒక పాఠకురాలు, ఏలూరు